ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆరోగ్యాన్ని కొలవడం, కాపాడుకోవడం

కొన్న కొత్తలో ఆరేడు గంటలు పనిచేసిన ల్యాప్‌టాప్ రెండేళ్లు గడిచేసరికి మూడు గంటలకే ఆగిపోతుంటే, బ్యాటరీ పాడైపోయిందని చాలామంది వెంటనే నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ తేడాకు కారణం బ్యాటరీయే కావచ్చు. బ్రౌజర్‌లో తెరిచి ఉంచిన పదుల కొద్దీ ట్యాబులూ కావచ్చు. మనకు తెలియకుండా ప్రాసెసర్‌కు నిరంతరం పని చెబుతున్న ఏదో ఒక ప్రోగ్రామూ కావచ్చు. ఎన్ని గంటలు నిలిచిందన్నది మనం చేసే పనిని బట్టి, తెర వెలుగును బట్టి మారిపోతుంది కాబట్టి దానిని కొలమానంగా తీసుకోలేము. తయారైన రోజున బ్యాటరీ ఎంత శక్తిని నిల్వ చేయగలిగేది, ఇప్పుడు ఎంత నిల్వ చేయగలుగుతోంది అన్న రెండు అంకెలను పోల్చి చూడటమే సరైన పద్ధతి. ఆ రెండు అంకెలూ మీ ల్యాప్‌టాప్‌లోనే నమోదై ఉంటాయి. వాటిని చూడటానికి ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ కొనవలసిన అవసరం లేదు.

విండోస్‌లో నివేదిక తీయడం

స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. నల్లని తెరలో ఇంగ్లీషు అక్షరాలతో పవర్ అన్న పదాన్ని, దానికి ఆనించి సీ, ఎఫ్, జీ అన్న మూడు అక్షరాలను, ఆ తరువాత ఒక ఖాళీని, ముందుకు వాలిన గీతను, ఆ గీతకు ఆనించి బ్యాటరీ, రిపోర్ట్ అన్న రెండు పదాలను మధ్యలో ఖాళీ లేకుండా కలిపి టైప్ చేసి ఎంటర్ నొక్కండి. క్షణాల్లో ఒక నివేదిక తయారై, అది ఏ ఫోల్డర్‌లో ఉందో కింద కనిపిస్తుంది. సాధారణంగా అది మీ యూజర్ ఫోల్డర్‌లో ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఉంటే విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లోకి చేరుతుంది. ఫైల్ దొరకలేదని చెప్పేవారిలో చాలామంది ఈ తేడాను గమనించనివారే. ఆ ఫైల్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

నివేదిక పొడవుగా ఉన్నా మొదట చూడవలసినది ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్ అన్న భాగం ఒక్కటే. అందులో డిజైన్ కెపాసిటీ అంటే తయారీదారు నిర్ణయించిన సామర్థ్యం. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పూర్తిగా చార్జ్ చేస్తే పట్టే శక్తి. రెండూ శక్తిని కొలిచే మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. రెండో అంకెను మొదటి అంకెతో భాగించి నూరుతో గుణిస్తే మీ బ్యాటరీ ఆరోగ్యం శాతంలో వస్తుంది. ఉదాహరణకు డిజైన్ కెపాసిటీ 50,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 41,500 అయితే ఆరోగ్యం 83 శాతం. కొత్త బ్యాటరీలలో రెండో అంకె మొదటిదానికన్నా కొంచెం ఎక్కువగా కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. తయారీలో కొంత మిగులు ఉంచడం మామూలే. వాటి కిందనే సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ పూర్తి సామర్థ్యం మేరకు ఎన్నిసార్లు వాడకమైందన్న లెక్క ఉంటుంది. కొన్ని బ్యాటరీలు ఈ లెక్కను విండోస్‌కు చెప్పవు కాబట్టి ఆ చోట ఖాళీ గానీ సున్నా గానీ కనిపించవచ్చు.

ఇంకాస్త కిందికి వెళితే బ్యాటరీ కెపాసిటీ హిస్టరీ అన్న పట్టిక కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ నివేదిక మొత్తంలో అత్యంత విలువైన భాగం ఇదే. కాలం గడుస్తున్నకొద్దీ సామర్థ్యం ఎలా తగ్గుతూ వచ్చిందో ఇందులో వరుసగా చూడవచ్చు. నెమ్మదిగా, సమానంగా దిగుతున్న అంకెలు సహజమైన వయసును సూచిస్తాయి. కొద్ది వారాల్లోనే పది పదిహేను శాతం ఒక్కసారిగా పడిపోయి ఉంటే, అది కొలతలో వచ్చిన తప్పు గానీ బ్యాటరీ లోపలి సెల్స్‌లో, అంటే శక్తిని నిల్వ చేసే విడి భాగాల్లో, ఒకటి దెబ్బతినడం గానీ అయి ఉండవచ్చు. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఈ చరిత్ర పోతుంది. పై భాగంలోని అంకెలు మాత్రం బ్యాటరీ లోపలి చిప్ నుంచి వస్తాయి కాబట్టి పోవు.

మిగిలిన వ్యవస్థలలో

మ్యాక్‌బుక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి బ్యాటరీ విభాగంలోకి వెళితే బ్యాటరీ హెల్త్ అన్న వరుస ఉంటుంది. నార్మల్ అని ఉంటే చింతించవలసినది లేదు. సర్వీస్ రికమెండెడ్ అని ఉంటే సామర్థ్యం బాగా తగ్గిందని గానీ బ్యాటరీ సరిగా పనిచేయడం లేదని గానీ అర్థం. ఆ వరుస పక్కనున్న చిన్న గుర్తును నొక్కితే, యాపిల్ సొంత చిప్ ఉన్న మోడళ్లలో మ్యాగ్జిమమ్ కెపాసిటీ శాతం కూడా కనిపిస్తుంది. సైకిల్ కౌంట్ కావాలంటే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని యాపిల్ మెనూలోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌ను తెరిచి, పవర్ విభాగంలో చూడాలి. ఇటీవలి మ్యాక్‌బుక్‌లకు యాపిల్ ప్రకటించిన పరిమితి 1000 సైకిళ్లు.

లినక్స్ వాడేవారు టెర్మినల్‌లో యూపవర్ అన్న ఆదేశాన్ని, ఒక ఖాళీ విడిచి అడ్డగీతను, దానికి ఆనించి డీ అన్న చిన్న అక్షరాన్ని టైప్ చేస్తే, ఎనర్జీ ఫుల్, ఎనర్జీ ఫుల్ డిజైన్ అన్న రెండు అంకెలతో పాటు కెపాసిటీ అన్న పేరుతో శాతం కూడా నేరుగా కనిపిస్తుంది. క్రోమ్‌బుక్‌లో సెట్టింగ్స్ ద్వారా డయాగ్నస్టిక్స్ యాప్ తెరిస్తే బ్యాటరీ ఆరోగ్యమూ సైకిల్ కౌంటూ ఒకేచోట ఉంటాయి.

అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి

ఒక సైకిల్ అంటే ఒకసారి ప్లగ్ పెట్టి తీయడం కాదు. మొత్తం సామర్థ్యంలో నూరు శాతానికి సమానమైన శక్తిని వాడుకుంటే ఒక సైకిల్ అవుతుంది. ఈ రోజు 60 శాతం వాడి చార్జ్ చేసి, రేపు 40 శాతం వాడితే రెండు రోజులకు కలిపి ఒక్క సైకిలే. అందువల్ల మధ్య మధ్యలో కొద్దికొద్దిగా చార్జ్ చేస్తే సైకిళ్లు వృథా అవుతాయన్న భయం అనవసరం. నిజానికి ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి సున్నా నుంచి నూరు దాకా సాగే పూర్తి సైకిళ్లకన్నా చిన్న చిన్న సైకిళ్లే తేలిక.

ఆరోగ్యం 80 శాతానికి పైగా ఉంటే బ్యాటరీ బాగున్నట్టే లెక్క. అంతకు తగ్గగానే మార్చివేయాలన్న నియమమేమీ లేదు. ఎక్కువ సమయం ప్లగ్‌కు దగ్గరగా పనిచేసేవారికి 65 శాతం ఉన్న బ్యాటరీ కూడా నిక్షేపంగా సరిపోతుంది. శాతం కన్నా ముఖ్యంగా గమనించవలసిన లక్షణం ఒకటుంది: చార్జింగ్ ఇంకా ఇరవై ముప్ఫై శాతం ఉండగానే, ఏదైనా బరువైన పని మొదలుపెట్టిన క్షణంలో ల్యాప్‌టాప్ హఠాత్తుగా ఆగిపోవడం. సెల్స్ లోపలి నిరోధం పెరిగిపోయినప్పుడు, ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి ఇలా జరుగుతుంది. ఈ లోపం శాతాల్లో పూర్తిగా కనిపించకపోవచ్చు. ఇలాంటి బ్యాటరీ మీద ఆధారపడి ముఖ్యమైన పని చేయడం మంచిది కాదు.

పాత ల్యాప్‌టాప్ కొనబోతున్నవారు డబ్బు చేతులు మారకముందే ఈ నివేదికను తమ కళ్ల ముందే తీయించి చూడటం మంచిది. సైకిళ్లు తక్కువగా ఉండి ఆరోగ్యం కూడా తక్కువగా ఉందంటే, ఆ యంత్రం ఏళ్ల తరబడి ప్లగ్‌లోనే, వేడిలోనే ఉండి ఉంటుందని ఊహించవచ్చు.

ఫుల్ చార్జ్ కెపాసిటీ అన్నది నేరుగా కొలిచిన విలువ కాదని కూడా గుర్తుంచుకోవాలి. లోపలికి వెళ్లిన కరెంటును, బయటికి వచ్చిన కరెంటును బ్యాటరీలోని చిప్ లెక్కపెడుతూ, దాని ఆధారంగా వేసుకునే అంచనా అది. అందుకే ఈ వారం 86, వచ్చే వారం 88, ఆపై 85 అని కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. రెండు మూడు నెలలకొకసారి తేదీతో సహా అంకెను ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమని నా సలహా. ఒక్క రోజు చూసిన అంకె చెప్పనిది ఏడాది పొడవునా రాసుకున్న నాలుగైదు అంకెలు చెబుతాయి.

చిప్ లెక్క బాగా దారి తప్పినట్టు అనిపిస్తే, అంటే 15 శాతం చూపిస్తూనే ఆగిపోతుంటే, ఒకసారి దానిని సరిదిద్దవచ్చు. పూర్తిగా చార్జ్ చేసి రెండు గంటలు అలాగే ప్లగ్‌లో ఉంచి, ఆపై ప్లగ్ తీసి, దానంతట అది హైబర్నేట్ అయ్యేదాకా, అంటే చేస్తున్న పనిని డిస్క్‌లో దాచుకుని ఆగిపోయేదాకా, మామూలుగా వాడి, కొన్ని గంటలు కదపకుండా వదిలేసి, మళ్లీ మధ్యలో ఆపకుండా నూరు శాతం దాకా చార్జ్ చేయాలి. దీనిని క్యాలిబ్రేషన్ అంటారు. ఇది పోయిన సామర్థ్యాన్ని తిరిగి తేదు. లెక్కను మాత్రమే సరిచేస్తుంది. ఇది బ్యాటరీకి కొంత శ్రమ కూడా కాబట్టి అవసరం కనిపించినప్పుడే, ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించకుండా చేయాలి.

బ్యాటరీ ఎందుకు ముసలిదవుతుంది

లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో సోనీ సంస్థ ద్వారా మార్కెట్లోకి వచ్చాయి. వాటికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ (బ్యాటరీ లోపలి ధ్రువం) నుంచి బయలుదేరి, రెండో ధ్రువమైన గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. వాడేటప్పుడు తిరిగి వెనక్కు వస్తాయి. గ్రాఫైట్ మీద మొదటి చార్జింగ్‌లోనే ఒక సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఆ పొర లేనిదే బ్యాటరీ నిలబడదు, కానీ అది ఏళ్ల తరబడి నెమ్మదిగా మందమవుతూ, ప్రతిసారీ కొంత లిథియాన్ని తనలో బంధించేస్తుంది. బంధించబడిన లిథియం ఇక రాకపోకలకు పనికిరాదు. మనం చూసే సామర్థ్య నష్టంలో పెద్ద భాగం ఇదే. వాడకపోయినా ఈ ప్రక్రియ ఆగదు.

దీనిని వేగవంతం చేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి వేడి, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ లోపలి అనవసర రసాయన చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి. రెండోది ఎక్కువ వోల్టేజి వద్ద ఎక్కువ కాలం నిలిచి ఉండటం. పూర్తిగా నిండిన సెల్ దాదాపు 4.2 వోల్టుల వద్ద, కొన్ని రకాల్లో అంతకన్నా కొంచెం పైన ఉంటుంది. ఆ స్థితిలో గంటలు కాదు, నెలల తరబడి ఉంచినప్పుడు ఎలక్ట్రోలైట్, అంటే అయాన్లు ప్రయాణించే లోపలి ద్రవం, త్వరగా క్షీణిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు, అంటే వేడెక్కిన ల్యాప్‌టాప్ రోజంతా నూరు శాతం మీద ప్లగ్‌లో ఉన్నప్పుడు, నష్టం అన్నిటికన్నా ఎక్కువ. బ్యాటరీని కాపాడే సలహాలు ఎన్ని విన్నా, అవి ఈ రెండింటిలో దేనిని తగ్గిస్తున్నాయో ఒకసారి అడిగి చూడండి. దేనినీ తగ్గించని సలహాను పట్టించుకోనక్కరలేదు.

ఉదాహరణకు, ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేశాకే చార్జ్ చేయాలన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. వాటికి మెమరీ ఎఫెక్ట్ అనే సమస్య ఉండేది. లిథియం అయాన్ విషయంలో ఆ అలవాటు మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

రోజువారీ జాగ్రత్తలు

ఎక్కువగా ప్లగ్‌లోనే పనిచేసేవారు చేయగలిగిన అత్యంత ఫలవంతమైన పని చార్జింగ్‌కు 80 శాతం వద్ద హద్దు పెట్టడం. ఒకసారి పెట్టి మరచిపోవచ్చు. లెనోవోలో వాంటేజ్ యాప్‌లోని కన్జర్వేషన్ మోడ్, అసుస్‌లో మైఅసుస్ యాప్‌లోని బ్యాటరీ హెల్త్ చార్జింగ్, ఏసర్‌లో కేర్ సెంటర్ ఇందుకోసమే ఉన్నాయి. డెల్ యంత్రాల్లో ఆ సంస్థ యాప్ నుంచి గానీ బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు తెరవగల సెట్టింగుల తెర) నుంచి గానీ దీనిని మార్చవచ్చు. హెచ్‌పీ వ్యాపార తరగతి మోడళ్లలో బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ అన్న ఎంపిక ఉంటుంది. మ్యాక్‌లోని ఆప్టిమైజ్డ్ చార్జింగ్ మీ దినచర్యను గమనించి, 80 దాటాక మిగిలిన భాగాన్ని అవసరానికి కాస్త ముందు నింపుతుంది. లినక్స్‌లో టీఎల్‌పీ వంటి సాధనాలతో, యంత్రం అనుమతించినంత మేరకు, ఇదే పని చేయవచ్చు. ప్రయాణానికి ముందు రోజు హద్దు తీసేసి నూరు శాతం నింపుకోవడంలో తప్పేమీ లేదు. నిండిన స్థితిలో వారాల తరబడి ఉంచకపోవడమే ముఖ్యం.

హద్దు పెట్టే సౌకర్యం లేని పాత యంత్రమైతే, రోజులో కొంతసేపు ప్లగ్ తీసి 40 శాతం దాకా దిగనిచ్చి మళ్లీ పెట్టడం ఒక మార్గం. దీనిని గడియారం చూసుకుంటూ చేయవలసినంత నిష్ఠ అక్కరలేదు. సున్నాకు చేరేదాకా వాడటం మాత్రం మానుకోవాలి.

వేడి సంగతికి వస్తే, దుప్పటి మీద, పరుపు మీద, దిండు మీద ల్యాప్‌టాప్ పెడితే అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్ల మీద, వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉండేలా పెట్టండి. ఫ్యాన్‌లో చేరిన దుమ్మును ఏడాదికొకసారైనా శుభ్రం చేయించండి. ఎండలో నిలిపిన కారులో వదిలి వెళ్లకండి. చాలామంది దృష్టికి రానిది ఇంకొకటుంది: మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ పూర్తిగా నిద్రపోకుండా, నవీకరణల కోసం మేలుకుని, గాలి ఆడని ఆ చోట గంటల తరబడి వేడెక్కుతూ ఉండవచ్చు. సంచి నుంచి తీసినప్పుడు వెచ్చగా ఉందంటే ఇదే జరిగిందని అనుమానించాలి. అలాంటి యంత్రాన్ని ప్రయాణానికి ముందు స్లీప్‌లో కాకుండా హైబర్నేట్‌లో గానీ షట్‌డౌన్‌లో గానీ ఉంచాలి. మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమని యాపిల్ సూచిస్తుంది. ఇతర ల్యాప్‌టాప్‌లకు కూడా ఆ పరిధిని మార్గదర్శకంగా తీసుకోవచ్చు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి చేరక దాని మీదే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం శాశ్వతం కాబట్టి గది ఉష్ణోగ్రతకు వచ్చాకే ప్లగ్ పెట్టాలి.

చార్జర్ వాట్ల విషయంలో కూడా శ్రద్ధ అవసరం. 65 వాట్లు కావలసిన యంత్రానికి 45 వాట్ల టైప్ సీ చార్జర్ పెడితే మామూలు పనులకు సరిపోవచ్చు గానీ, బరువైన పనిలో ఆ లోటును బ్యాటరీ భరిస్తుంది. ప్లగ్‌లో ఉండగానే సైకిళ్లు పెరుగుతాయి.

కొన్ని నెలలు వాడబోమని తెలిసినప్పుడు సగం చార్జ్‌తో షట్‌డౌన్ చేసి, చల్లని పొడి చోట పెట్టాలి. ఆరు నెలలకొకసారి తీసి మళ్లీ సగం దాకా నింపాలి. ఖాళీగా పెడితే సెల్స్ తమంతట తాము ఇంకా దిగిపోయి, రక్షణ సర్క్యూట్ ఇక చార్జింగ్‌ను అంగీకరించని స్థితికి చేరవచ్చు.

ఉబ్బిన బ్యాటరీ

నా పాత ల్యాప్‌టాప్‌లో ఒకసారి టచ్‌ప్యాడ్ క్లిక్ కావడం మానేసింది. టచ్‌ప్యాడే చెడిపోయిందనుకుని మౌస్ పెట్టుకుని రెండు వారాలు వాడాను. బల్ల మీద పెట్టినప్పుడు యంత్రం కొద్దిగా ఊగుతోందని గమనించాక అడుగు మూత తీయిస్తే, బ్యాటరీ దిండులా ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెడుతోంది. ఆ రెండు వారాలు నేను తీసుకున్న ప్రమాదం ఎంతటిదో తరువాత అర్థమైంది. అందుకే ఈ లక్షణాలను ఎవరూ తేలికగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను: టచ్‌ప్యాడ్ బిగుసుకోవడం లేదా పైకి లేవడం, మూత అంచుల వద్ద సందు కనిపించడం, కీబోర్డు మధ్యలో ఎత్తుగా అనిపించడం, సమతలం మీద యంత్రం ఊగడం.

ఉబ్బడమంటే లోపల ఎలక్ట్రోలైట్ విడిపోయి వాయువు తయారైందని అర్థం. వెంటనే షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయండి. మళ్లీ చార్జ్ చేయకండి; మూతను నొక్కి సరిచేయకండి; గాలి తీయడానికి సూదితో గుచ్చడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, ఎందుకంటే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట అంటుకోవచ్చు. మండే వస్తువులకు దూరంగా, రాతి మీదనో సిమెంటు నేల మీదనో ఉంచి, సర్వీస్ కేంద్రంతో మాట్లాడి తీసుకెళ్లండి. పొగ గానీ బుసలాంటి చప్పుడు గానీ వస్తే దానిని ముట్టుకోకుండా అందరితో సహా బయటికి వెళ్లి అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి.

మార్చవలసి వచ్చినప్పుడు

కొత్త బ్యాటరీకి పాత దాని మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజి, వాట్ అవర్లు సరిపోవాలి. వీలైతే తయారీ సంస్థ నుంచే తీసుకోవడం మేలు. తయారీ తేదీని చూడండి. గోదాములో నాలుగేళ్లు ఉన్న బ్యాటరీ వాడకుండానే నాలుగేళ్లు ముసలిదైంది. బిగించిన రోజే నివేదిక మళ్లీ తీయండి. డిజైన్ కెపాసిటీ చెప్పినంత ఉండాలి, ఫుల్ చార్జ్ కెపాసిటీ దానికి దగ్గరగా ఉండాలి, సైకిళ్లు సున్నా గానీ ఒకటి రెండు గానీ ఉండాలి. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా వెనక్కు ఇచ్చే గడువు ముగియకముందే అడగండి. విడి బ్యాటరీతో విమానంలో వెళ్లేటప్పుడు దానిని చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు. చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సాధారణంగా అనుమతి లేకుండా తీసుకెళ్లగల హద్దు 100 వాట్ అవర్లు.

తీసేసిన పాత బ్యాటరీ కనెక్టర్ మీద ఇన్సులేషన్ టేపు అతికించి, మామూలు చెత్తలో వేయకుండా, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో అప్పగించాలి. చెత్త బండిలో నలిగిన లిథియం బ్యాటరీ అక్కడే మంటలు రేపగలదు. దానిని మోసే మనుషులకు అందులో అది ఉందని కూడా తెలియదు.